ఐవీఎఫ్ ఇంజెక్షన్లతో అండాల నిల్వ తరిగిపోదు

"ఐవీఎఫ్ ఇంజెక్షన్లు చేసి ఒకేసారి 15 అండాలు తీస్తే 15 నెలల నిల్వ పోయినట్టే, మెనోపాజ్ తొందరగా వచ్చేస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడితే అండాలు మిగులుతాయి. ఎల్‌హెచ్ హార్మోన్ చేసేదల్లా అండాన్ని బయటికి నెట్టడమే." ఈ మెసేజ్ చేతులు మారుతూనే ఉంది. చికిత్సకు సిద్ధమవుతున్నవాళ్లు దీన్ని చదివి వెనకాడుతున్నారు. అందుకే ఒక్కో మాటా పరిశీలిద్దాం.

నెలకు ఒక్క అండమే ఖర్చవుతుందన్న లెక్కే తప్పు. ఆడశిశువు పుట్టేనాటికి 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి. జీవితకాలంలో విడుదలయ్యేవి 400-500 మాత్రమే. మిగతావన్నీ లోపలే నశిస్తాయి. నిద్రాణంగా ఉన్న అండాలు కొన్నికొన్నిగా మేల్కొని, నెలల తరబడి పెరుగుతూ వస్తాయి. వాటిని మేల్కొలిపేది ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ కాదు. చివరి దశకు చేరిన గుంపును బతికించేది మాత్రం అదే. ఆ గుంపులో ముందున్న ఫాలికల్ (అండం పెరిగే చిన్న సంచి) ఈస్ట్రోజెన్, ఇన్హిబిన్ హార్మోన్లను విడుదల చేయగానే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను తగ్గిస్తుంది. దాంతో మిగతావి ఎండిపోతాయి. ఎఫ్‌ఎస్‌హెచ్‌ను బయటి నుంచి అందించే ఐవీఎఫ్ ఇంజెక్షన్ ఆ తగ్గుదలను అడ్డుకుంటుంది. అంటే ఆ 15 అండాలూ వచ్చే నెలలవి కావు. ఆ నెలలోనే పోవాల్సినవి.

మాత్రల సంగతీ అంతే. అవి అండం విడుదలను ఆపుతాయి తప్ప, మేల్కొనడాన్ని ఆపవు. బాల్యంలోనూ గర్భంతో ఉన్నప్పుడూ కూడా అండాలు తరుగుతూనే ఉంటాయి.

ఇక ఎల్‌హెచ్. మెసేజ్‌లో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ మాటే, ఎందుకంటే అసలు అద్భుతమంతా ఇక్కడే ఉంది. బిడ్డ పుట్టకముందే అండం తన మొదటి విభజన మధ్యలో ఆగిపోతుంది. దాన్ని అలా పట్టి ఉంచేది చుట్టూ ఉన్న గ్రాన్యులోసా కణాలు. అవి సన్నని దారుల గుండా సీజీఎంపీ అనే అణువును అండంలోకి పంపుతూ ఉంటాయి. 1935లో పింకస్, ఎంజ్‌మాన్ అనే శాస్త్రవేత్తలు కుందేలు అండాన్ని ఫాలికల్ నుంచి వేరు చేస్తే, ఏ హార్మోనూ ఇవ్వకుండానే అది పక్వం కావడం మొదలుపెట్టింది. ఎల్‌హెచ్ కూడా నేరుగా అండాన్ని తాకదు. ఫాలికల్ బయటి వరస కణాలకు కబురు చెబుతుంది. సీజీఎంపీ పడిపోతుంది, పట్టు వదులుతుంది. కేంద్రకం పొర కరిగి, సగం క్రోమోజోములు ఓ చిన్న కణంగా బయటపడతాయి. రెండో విభజనలో అండం మళ్లీ ఆగి వీర్యకణం కోసం ఎదురుచూస్తుంది. ఐవీఎఫ్‌లో ఎల్‌హెచ్ చేసే ఈ పనిని మొదలుపెట్టించే ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇచ్చాక సుమారు 36 గంటలు ఆగి అండాలు తీసేది ఈ పక్వత కోసమే.

ఈ ఇంజెక్షన్లతో భయపడాల్సిన సమస్య వేరే ఉంది. కొందరిలో అండాశయాలు అతిగా స్పందించి వాచిపోతాయి, కడుపులో నీరు చేరుతుంది. పొట్ట ఉబ్బినా, బరువు చకచకా పెరిగినా, ఆయాసం వచ్చినా ఆ రోజే డాక్టర్‌కు చూపించుకోవాలి.