కెమెరాలు సరే, మనుషుల సంగతేంటి?

స్మార్ట్ సిటీ అంటూ కూడలి కూడలికీ కెమెరాలు బిగిస్తారు. మరి రోడ్డు దాటే ముసలాయన సగం దూరం వెళ్లకముందే నడిచేవాళ్లకు ఎర్రలైటు పడుతుందేం? చేతికర్ర పట్టుకుని బండ్ల మధ్య బిక్కుబిక్కుమంటూ నిలబడిపోతాడు పాపం! ఎవరైనా ఇంకా దాటుతున్నారంటే బండ్లను ఆపి ఉంచే సెన్సర్లు ఏనాడో వచ్చాయి. బ్రిటన్‌లో పఫిన్ క్రాసింగులు చేసేది అదే. అన్నిచోట్లా పెట్టడానికి ఏం అడ్డొచ్చింది?

పైగా ఫిర్యాదు చేయాలంటే యాప్ కావాలట. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు మనుషులు కారా? స్పెయిన్‌లోని బార్సిలోనా నగరం 2016లో డెసిడిమ్ అనే ఆన్‌లైన్ వేదిక పెట్టింది. నగర ప్రణాళిక మీద జనం ప్రతిపాదనలు తీసుకుంది, వీధుల్లో సమావేశాలూ పెట్టింది. దాని సాఫ్ట్‌వేర్ కోడ్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అక్కడ అడిగారు, జనం చెప్పారు. మమ్మల్ని అడగడానికి ఏం నొప్పి?