‘ఎఫ్‌డీఏ సర్టిఫికెట్’ కొంటే పచ్చడి అమెరికా వెళ్లిపోతుందా?

‘పచ్చళ్లు బాగా పెడతారా? ఐఈసీ కోడ్ తీసుకోండి, ఎఫ్‌డీఏ సర్టిఫికెట్ కొనుక్కోండి, అమెరికాకు ఎగుమతి మొదలుపెట్టండి. ట్రైనింగులూ ల్యాబ్ టెస్టులూ పెద్ద కంపెనీలకే. మన పచ్చడి ఏడాదైనా చెడదు.’ పచ్చళ్లు, పొడులు చేసి అమ్మేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్ తెగ తిరుగుతోంది. ఎఫ్‌డీఏ అంటే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ. ఒక్కో ముక్కా చూద్దాం.

ఐఈసీ సంగతి నిజమే. విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం డీజీఎఫ్‌టీ సైట్‌లో రూ.500 కడితే వస్తుంది. కానీ అది ఎగుమతిదారుడి గుర్తింపు సంఖ్య మాత్రమే, సీసాలో ఏముందో దానికి పట్టదు.

ఎఫ్‌డీఏ సర్టిఫికెట్ అనేదే లేదు. ఆహారం తయారుచేసే చోటుని ఎఫ్‌డీఏ దగ్గర నమోదు చేయించాలి. నమోదు ఉచితం. అమెరికాలో ఒక ఏజెంటు ఉండాలి, ప్రతి సరి సంవత్సరం అక్టోబరు-డిసెంబరు మధ్య రెన్యూ చేయాలి. అంతే, ఎఫ్‌డీఏ ఏ కాగితమూ ఇవ్వదు. బంగారు సీలుతో వేలకు అమ్మేది దళారీ ప్రింటు తీసిందే.

‘మన పచ్చడి చెడదు’ అన్నది ఇంటి లెక్క. అమ్మాయికి కొరియర్‌లో పంపే పచ్చడి వేరు, అంగట్లో అమ్మే పచ్చడి వేరు. అక్కడివాళ్ల అసలు భయం బూజు కాదు, బొటులిజం, అంటే ప్రాణం తీయగల ఒక రకం ఆహార విషం. దాన్ని తెచ్చే క్రిమికి గాలి అక్కర్లేదు కాబట్టి పైన తేలే నూనె దానికి అడ్డు కాదు, అనుకూలం. పులుపు సరిపోతే, అంటే పీహెచ్ 4.6 లేదా అంతకన్నా తక్కువుంటే, అది పెరగదు. మామిడికాయకి సహజంగానే పులుపుంది. కాకర, వెల్లుల్లి లాంటి వాటికి పులుపు మనం కలపాలి. అలా చేసిన సరుకుకి తయారీ పద్ధతిని ఎఫ్‌డీఏకి రాసివ్వాలి. పని చూసే సూపర్‌వైజర్ గుర్తింపు పొందిన కోర్సు పాసై ఉండాలని అమెరికా చట్టమే చెబుతోంది. ట్రైనింగ్ అక్కర్లేదన్న మాటకి ఇంతకన్నా జవాబు ఏముంది?

లేబుల్ గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. ఆవకాయే తీసుకోండి. గానుగ నువ్వుల నూనె, ఆవపిండి. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో నువ్వులు తొమ్మిదో అలెర్జీ పదార్థం, లేబుల్ మీద చెప్పి తీరాలి. ఆవాలు ఆ జాబితాలో లేవు. కెనడా, బ్రిటన్, యూరప్ జాబితాల్లో ఉన్నాయి. పచ్చడి ఒకటే, లేబుళ్లు వేరు.

ఇక ‘టెస్టులు పెద్దవాళ్లకే’. 2024లో ఇథిలీన్ ఆక్సైడ్ (మసాలాల్లో క్రిముల్ని చంపడానికి వాడే గ్యాస్) గొడవలో హాంకాంగ్, సింగపూర్‌లలో దెబ్బతిన్నవి మన పెద్ద బ్రాండ్ల మసాలాలే. మసాలాలకి ఆ గ్యాస్‌ని అమెరికా పరిమితిలోపు ఒప్పుకుంటుంది, యూరప్ ఒప్పుకోదు. కారంలో అఫ్లాటాక్సిన్ బి1 అనే బూజు విషం యూరప్‌లో కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. అది పుట్టేది ఎక్కువగా కల్లంలో మిర్చి సరిగ్గా ఆరకపోతేనే. కారం పట్టించాక దాన్ని తీసేసే దారి చిన్న ఉత్పత్తిదారు చేతిలో లేదు. అందుకే ట్రైనింగ్ అనేది మిర్చి కింద పరిచే పట్ట దగ్గర మొదలవ్వాలి. పెద్ద కంపెనీ ఒక కంటైనర్ వెనక్కొస్తే తట్టుకుంటుంది. అప్పు తెచ్చి చేసేవాళ్ల పరిస్థితి చెప్పక్కర్లేదు.

అయితే ట్రైనింగుల మీద ఆ విసుగు ఊరికే రాలేదు. ఏసీ హాల్లో పీపీటీ, భోజనం, చివర్లో గ్రూప్ ఫోటో. అలాంటివి నాకూ నచ్చవు. పీహెచ్ మీటర్‌ని బఫర్ ద్రావణంతో (పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రవంతో) ఎలా సరిచూసుకోవాలో వంటశాలకే వచ్చి చూపించి, ప్రతి బ్యాచ్ రీడింగూ రిజిస్టర్‌లో రాయించేవాళ్లు కావాలి. సరఫరాదారుని పరిశీలించే బాధ్యతని అమెరికా చట్టం అక్కడి దిగుమతిదారుడి మీదే పెట్టింది. కాబట్టి అతను అడిగేది ఆ రిజిస్టరే, గోడకి తగిలించిన సర్టిఫికెట్ కాదు.