వర్కౌట్ ఎట్లుందని అడిగే అయిదు బటన్లకి

మహారాజశ్రీ సైక్లింగ్ యాప్‌లో కొలువున్న ఈజీ గారికి, మోడరేట్ గారికి, హార్డ్ గారికి, వెరీ హార్డ్ గారికి, ఆల్ అవుట్ గారికి నెల్లూరు నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

తమరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ రోహిణి కార్తె. పొద్దుగూకినా గోడలు సెగ కక్కుతుండాయి. అయినా తమరు రాసిచ్చిన థ్రెషోల్డ్ వర్కౌట్, అంటే ఓపిక అంచు దాకా తొక్కేది కదా, కాదనకూడదని మేడమీద గదిలో ట్రైనర్, అదే సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే మిషను, ఎక్కినా. ఎఫ్‌టీపీలో, అంటే సుమారు గంటసేపు ఏకబిగిన తొక్కగలిగే గరిష్ఠ వాట్లలో, 95 శాతం మీద 12 నిమిషాలవి 3. మొదటిది బ్రహ్మాండంగా పోయింది. రెండోది సగంలో ఉండగా కరెంటు పోయింది. ట్రైనర్ ఏమో ఇన్వర్టర్ లైన్లో ఉండాది, కూలర్ లేదు. నన్ను తొక్కించేది ఆగలా, నన్ను బతికించేది ఆగిపోయింది.

ట్రైనర్ తనంతట తానే బిగువు మార్చుకునే ఎర్గ్ మోడ్‌కి ఇవన్నీ ఏం పట్టవు కదా, చెప్పిన వాట్లు చెప్పినట్టు రావాల్సిందే, కాళ్లు కాస్త నెమ్మదిస్తే ఇంకాస్త బిగిస్తది. వాట్లు అవే, గుండె మాత్రం ఎక్కుతానే ఉండాది. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు పోతది, చెమట రూపంలో నీళ్లు పోతాయి, గుండె ఒక్కో దెబ్బకి పంపే రక్తం తగ్గిపోయి అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకోవాల. కాళ్లలో సత్తువ ఉండాది, నిజం చెప్తుండా. పైగా సముద్రం దగ్గరి ఊరు, గాల్లో తేమకి ఆ చెమట ఆరి చావదు, కారి నేల మీద మడుగు కట్టడమే. అయినా మూడోది కూడా పూర్తి చేసినా.

దిగీదిగగానే తమరు అయిదుగురూ స్క్రీన్ మీద వరసగా నిలబడి అడిగినారు, ఎట్లుంది అని. వెరీ హార్డ్ నొక్కినా. ఇంకేం నొక్కాల?

పొద్దున చూస్తే ప్లాన్ మారిపోయి ఉండాది. ‘మీకు తగ్గట్టు సర్దాం, ఒప్పుకుంటారా’ అంట. థ్రెషోల్డ్ లెవెల్ దించేసినారు, వచ్చే వారమంతా నాకిచ్చిన రైడ్లు రిటైరైన హెడ్మాస్టర్లు వీఆర్‌సీ గ్రౌండ్‌లో వాకింగ్ చేసినట్టుండాయి. పోయింది కరెంటు, నా ఫిట్‌నెస్ కాదు నాయనా!

అసలు నా కడుపు మంట ఇది. అదే నేను మధ్యలో దిగిపోయి ఉంటే తమరు బో మర్యాదగా కారణం అడిగేవాళ్లు. తీవ్రత ఎక్కువైందా, అలసటా, జ్వరమా, టైమ్ లేదా, సామాను పాడైందా అని ఇంత పొడుగు జాబితా చూపించేవాళ్లు. పూర్తి చేసినోడికి ఆ జాబితా లేదు. ఆపేసినోడికి సంజాయిషీ చెప్పుకునే దారుంది, పళ్లు బిగించి తొక్కినోడికి ఒక్క ముక్కలో చెప్పి నోరు మూసుకోమంటారు, ఆ ఒక్క ముక్క పట్టుకుని వారం మొత్తం తిరగరాస్తారు. ఇదేం న్యాయం? ఎందుకు కష్టమైందో తెలీకుండా ఎంత కష్టమైందో తెలుసుకుని ఏం చేసుకుంటారయ్యా?

స్వీడన్‌లో గున్నార్ బోర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ‘ఎంత కష్టంగా ఉంది’ అనేదానికి 6 నుంచి 20 దాకా ఒక కొలత తయారు చేసినాడు, పదితో గుణిస్తే సుమారుగా గుండె వేగం వచ్చేట్టు. బాగుంది, పెద్దాయన పని పెద్దాయన చేసినాడు. ఆ దేశంలో కూలర్ గోల ఉండి ఉండదు. తర్వాత వచ్చినోళ్లు, మొత్తం వర్కౌట్ ఎట్లుందో అడగాలంటే అయిపోయిన అరగంటకి అడగండి, లేకపోతే చివరి నిమిషాల మంటే మాట్లాడతది అన్నారు. తమరు మాత్రం ఊపిరి అందకముందే అడుగుతారు, ఫోన్ మీద చెమట పడి నేను నొక్కింది ఒకటి, తగిలింది ఇంకోటి.

ఒంగోల్లో మావాడొకడున్నాడు, రోషం మనిషి, ఏం తొక్కినా ఈజీ అనే నొక్కుతాడు. వాడికి తమరిచ్చిన వీఓటూ మ్యాక్స్ వర్కౌట్, అదే ఊపిరి అందనియ్యకుండా తొక్కించేది, దాని తర్వాత మెట్లు దిగడానికి వాళ్లమ్మ చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది. ఇక మైపాడు రోడ్డులో మధ్యాహ్నం సముద్రపు గాలికి ఎదురు తొక్కి ఇల్లు చేరితే ‘ఈరోజు తేలిగ్గా తొక్కినట్టున్నారు’ అని తమరన్న మాట, ఆ డాలర్ల లెక్కన కోసే చందా, వాటి సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇంతా చేసి, ఓ యాపూ, నిన్ను తీసెయ్యలేకపోతుండా, అదే నా ఖర్మ. పోయినేడాది మీద కొండల్లో నా కాళ్లు బాగుండాయి, ఆ మాట కాదనను. కానీ ఆ కారణాల జాబితా పూర్తి చేసినోళ్లకి కూడా చూపించు, అందులో కరెంటు పోయింది అని ఒక్క లైను చేర్చు. చేర్చేదాకా నువ్వు చంపినా సరే, లాలించినా సరే, నేను నొక్కేది మోడరేట్. నీ అల్గారిథమ్ దాంతో ఏం పీక్కుంటదో పీక్కోమను.

ఇట్లు,
తమరు లెవెల్ దించిన నెల్లూరు చందాదారుడు