సవరణ: పాత నెల్లూరు జిల్లా పటంలోని గుర్తులు

19వ శతాబ్దపు నెల్లూరు జిల్లా పటంపై లోగడ వచ్చిన వ్యాసంలో, పడమటి అంచున వెలికొండల వెంట ఒత్తుగా కనిపించే సన్నని గీతలు అడవికి గుర్తులని ఉంది. అవి నిజానికి కొండవాలు గీతలని పాఠకులు గమనించగలరు. సమోన్నత రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) విరివిగా వాడుకలోకి రాకముందు, పటం గీసేవారు నీరు జారే దిశలోనే పొట్టి గీతలు గీసి వాలును చూపేవారు. వాలు నిటారుగా ఉన్నచోట ఆ గీతలు లావుగా, దగ్గరదగ్గరగా పడతాయి, మెల్లగా దిగేచోట పలచబడతాయి. ఉదయగిరి దుర్గాన్ని భూతద్దంతో చూస్తే, అంచుల దగ్గర నల్లగా అలుముకున్న గీతలు దిగువకు వచ్చేకొద్దీ విడివడి తేలిపోతాయి, కొండ నెత్తి మాత్రం తెల్లగా మిగులుతుంది. ఇవి వాలును చెబుతాయే గాని ఎత్తును అడుగుల్లో చెప్పవు కనుక, గీతలు ఎక్కువున్న కొండే ఎత్తైనదన్న వ్యాఖ్య కూడా నిలవదు.

పెన్న గట్ల మధ్య చుక్కలు ఇసుక మేటలకు గుర్తు, లంకలకు కాదు. చెరువుల విషయంలో వ్యాసం చెప్పింది సరైనదే: ఒక పక్కనున్న లావు గీత కట్ట, నేల తూర్పుకు వాలి ఉండడం వల్ల అది ఎక్కువగా ఆ వైపునే కనబడుతుంది.

ఒంగోలును నెల్లూరులో చూపడం పటం చేసినవారి పొరపాటని రాయడం మాత్రం అన్యాయం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలైతే 1970 వరకు అందులోనే ఉన్నాయి.