పెట్టె మీద ముద్రించని అంకె

భీమవరంలో గాని అమలాపురంలో గాని ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లినా, అక్కడ వరుసగా వేలాడుతున్న పెన్‌డ్రైవుల మీదా, హార్డ్‌డిస్క్‌కు బదులు వాడే చిప్పుల డ్రైవులైన ఎస్‌ఎస్‌డీల మీదా కొట్టొచ్చినట్టు కనిపించేది ఒక్కటే అంకె: 128 జీబీ, 512 జీబీ, 1 టీబీ. కొనేవారు అడిగేదీ అదే, అమ్మేవారు చెప్పేదీ అదే. కరెంటు తగలకుండా బీరువాలో పడి ఉంటే అందులో రాసినది ఎంతకాలం నిలుస్తుందన్న రెండో అంకె మాత్రం ఆ పెట్టె మీద ఏ మూలా ఉండదు. డేటా నిల్వ పరిశ్రమ మీద నాకున్న ఫిర్యాదంతా ఆ రెండో అంకెను గురించే.

ఈ పరిశ్రమ సాధించినది తక్కువేమీ కాదు. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్‌డిస్క్‌లో 24 అంగుళాల వ్యాసం గల పళ్లేలు 50 ఉండేవి. దాదాపు టన్ను బరువున్న ఆ యంత్రంలో పట్టినది 50 లక్షల అక్షరాలు. నేటి ఫోనుతో తీసిన ఒక మంచి ఫొటోకు అందులో చోటు చాలడం కష్టం. 1987లో తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువొకా బృందం, నేటి పెన్‌డ్రైవుల్లోనూ ఎస్‌ఎస్‌డీల్లోనూ ఉండే చిప్పు మెమరీ అయిన నాండ్ ఫ్లాష్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది. 2013లో శామ్‌సంగ్ ఆ ఫ్లాష్ గడులను 24 అంతస్తులుగా పేర్చి అమ్మకానికి తెచ్చింది. ఇప్పుడా అంతస్తులు 300 దాటాయి. ఇదంతా పరిమాణం విషయంలో సాధించిన ప్రగతి. మన్నికను గురించి అడిగితే కథ వేరుగా ఉంటుంది.

ఫ్లాష్ మెమరీలో ప్రతి గడీ కొద్దిపాటి విద్యుదావేశాన్ని ఒక బంధక పొర వెనుక బంధించి ఉంచుతుంది. ఆవేశం ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటే ఒక గడిలో ఒక బిట్, అంటే ఒక 0 గాని 1 గాని, నిలుస్తుంది. అదే గడిలో రెండు బిట్లు ఇమడాలంటే ఆవేశాన్ని 4 మట్టాలుగా, మూడు బిట్లకు 8 మట్టాలుగా, నాలుగు బిట్లకు 16 మట్టాలుగా విడదీసి గుర్తించాలి. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని మన ప్రాంతంలో పిల్లలకు సైతం తెలుసు. ఆ మూడు గీతలున్న ఎత్తులోనే పదిహేను గీతలు గీసి, ఒక్కొక్క గీతకు ఒక్కొక్క అర్థం పెడితే, నీరు కాస్త తగ్గినా చదివేవాడు తప్పు చదువుతాడు. చౌకగా దొరికే పెద్ద డ్రైవుల లోపల జరుగుతున్నది అదే. బంధక పొర గుండా ఆవేశం నెమ్మదిగా కారుతూనే ఉంటుంది. వేడి పెరిగితే ఆ కారడం మరింత త్వరగా సాగుతుంది. రాసి చెరిపిన ప్రతిసారీ ఆ పొర కొంత అరుగుతుంది. ఒక బిట్ గడి సుమారు లక్షసార్లు రాయడాన్ని తట్టుకుంటే, నాలుగు బిట్ల గడి వెయ్యిసార్లు తట్టుకోవడమే గొప్ప. ధర తగ్గిందని మనం సంతోషించిన ప్రతిసారీ మన్నికలో కొంత కోత పడిందన్న సంగతి మనకెవరూ చెప్పలేదు.

ఇది తయారీదారులకు తెలియని రహస్యం కాదు. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన నియమం ప్రకారం, మనబోటివారు వాడే ఎస్‌ఎస్‌డీ తన రాత సామర్థ్యమంతా ఖర్చయిపోయిన తరువాత కూడా, 30 డిగ్రీల వేడిలో, కరెంటు లేకుండా ఒక సంవత్సరం పాటు డేటాను నిలపాలి. కొత్త డ్రైవు అంతకన్నా చాలా ఎక్కువ కాలమే నిలుపుతుంది కనుక, నిరుడు కొన్న పెన్‌డ్రైవును చూసి ఈ రాత్రే కంగారు పడవలసిన పని లేదు. అయినా ఆ 30 డిగ్రీల మాటను ఒక్కసారి మన మే నెల పక్కన పెట్టి చూడండి. సిమెంటు రేకుల కింద, తలుపులు మూసిన గదిలో, ఇనప బీరువాలో మధ్యాహ్నం మూడు గంటలకు ఎంత వేడి ఉంటుందో డెల్టాలో వేసవి గడిపిన వారికి చెప్పనక్కరలేదు. పెన్‌డ్రైవుల సంగతైతే మరీ అధ్వానం. ఏ రకం గడులు వాడారో కూడా వాటి పెట్టె మీద ఉండదు.

మన పెళ్లి వీడియో ఒకప్పుడు క్యాసెట్‌లో, తరువాత డీవీడీలో వచ్చేది, ఇప్పుడు పెన్‌డ్రైవులో వస్తున్నది. క్యాసెట్‌కు బూజు పడితే కంటికి కనిపించేది; తుడిపించి వేస్తే బొమ్మ మసకగానైనా వచ్చేది. పెన్‌డ్రైవు చాలాసార్లు ఏ సూచనా ఇవ్వకుండానే పోతుంది. దానిని నగల పక్కన భద్రంగా పెట్టి, ఏళ్ల తరబడి ఏ కంప్యూటరుకూ తగిలించకుండా వదిలేస్తున్న ఇళ్లు మా వీధిలోనే చాలా ఉన్నాయి. పొలం దస్తావేజుల స్కాన్‌లు, చెరువు లీజు కాగితాలు, గుడి కమిటీ లెక్కలు, పోయిన పెద్దల ఫొటోలు అన్నీ ఇదే దారి పట్టాయి. స్టూడియోవారిని అడిగితే కొన్ని నెలల తరువాత తమ దగ్గరున్న ప్రతిని తుడిచేస్తామంటారు. వారిని తప్పుపట్టలేను; సీజనుకు అన్ని పెళ్లిళ్లను దాచాలంటే ఖర్చవుతుంది. కాని ఆ మాట డబ్బు పుచ్చుకునే రోజునే చెప్పాలి.

ఒక వస్తువును నమ్మి ఊరుకోవడమన్నది పెద్ద కంపెనీలు ఏనాడూ చేయలేదు. గూగుల్ 2003లో తన ఫైల్ వ్యవస్థను వివరిస్తూ, పరికరాలు చెడిపోవడం అరుదైన విషయం కాదనీ, అది మామూలేననీ ఒప్పుకుని, ప్రతి ముక్కకూ మూడు ప్రతులు ఉంచుతామని రాసింది. ఆ ప్రతులన్నీ ఉన్నా 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరి జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయిపోయాయి. వాటిని తిరిగి తెచ్చినవి, ఏ నెట్‌వర్క్‌కూ తగిలించకుండా విడిగా దాచిన అయస్కాంత టేపులు. కాలం చెల్లిందని మనం అనుకునే ఆ టేపును పరిశ్రమ నేటికీ వదల్లేదు. 2021లో వచ్చిన ఎల్‌టీఓ-9 టేపు ఒక్కొక్కటి 18 టీబీ పడుతుంది, సరైన వాతావరణంలో దాస్తే 30 ఏళ్లు నిలుస్తుందని దాని తయారీదారులే ప్రకటిస్తారు. రెండో అంకెను చెప్పడం ఈ పరిశ్రమకు చేతకాని పని కాదన్నమాట; కొనేవాడు పెద్ద సంస్థ అయితే చెబుతారు.

రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో తాళపత్ర గ్రంథాలు ఉన్నాయి. మన తీరపు తేమకూ పురుగుకూ తాటాకు చాలాకాలం ఆగదు కనుక, పాత ప్రతి శిథిలమయ్యే లోపే కొత్త ప్రతి రాయించుకునేవారు. మనకు చేరిన ప్రాచీన కావ్యాల్లో చాలావరకు అలా ప్రతికి ప్రతి ఎత్తి రాసుకుంటూ వచ్చినవే. మూడు నాలుగేళ్లకు ఒకసారి పాత డ్రైవులోనిది కొత్త డ్రైవులోకి ఎత్తుకోవడం కూడా ఆ పనే, పైగా ఒక సాయంత్రంలో అయిపోతుంది.

క్లౌడ్ ఉందిగా అంటారు. ఉంది, మంచిదే, అక్కడ ప్రతులు తిరగరాసే బాధ్యత వారిదే. కాని గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఒక పెళ్లి వీడియోకే చాలదు, నెలసరి చందా ఆగితే ఆ బాధ్యతా ఆగుతుంది, ఖాతాదారు పోయాక పాస్‌వర్డ్ తెలిసినవారు ఇంట్లో ఉండరు. రెండు ప్రతులు ఒకే ఇంట్లో పెట్టుకోవడమూ కాపలా కాదు. 2022 జూలై వరదలో లంక గ్రామాలు మునిగిన తీరు చూసిన వారికి, రెండో ప్రతి హైదరాబాదులోని కొడుకు ఇంట్లో ఎందుకు ఉండాలో వేరే వివరించనక్కరలేదు.

ఏసీకీ ఫ్రిజ్‌కూ కరెంటు ఖర్చు తెలిపే నక్షత్రాల చీటీని మన దేశంలో తప్పనిసరి చేయగలిగినప్పుడు, గడికి ఎన్ని బిట్లు పెట్టారో, మొత్తం మీద ఎంత రాయవచ్చో, ఎన్ని డిగ్రీల వేడిలో కరెంటు లేకుండా ఎన్నాళ్లు నిలుస్తుందో తెలిపే చీటీని పెన్‌డ్రైవుకు అంటించమనడం గొంతెమ్మ కోరిక కాదు. ఎస్‌ఎస్‌డీలకైతే కొత్త పరిశోధన కూడా అక్కరలేదు; ప్రమాణాల కోసం చేసిన పరీక్షల ఫలితాలు తయారీదారుల దగ్గర ఇప్పటికే ఉన్నాయి. పెట్టె మీద చోటు లేదంటారేమో. అంత లావు అక్షరాలతో వేసిన 1 టీబీని కాస్త చిన్నది చేస్తే చోటు దానంతటదే వస్తుంది. ఎలాగూ ఇంటికి తెచ్చి విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే, జీబీని లెక్కించే పద్ధతి వేరు కనుక, అది చూపించేది 931 జీబీయే.