ఎఫ్ పోయె, ఈ వచ్చె, ఢాం ఢాం ఢాం

1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల్లోంచి తలో ముక్కా కోసి విజయనగరం జిల్లాను కుట్టారు. అదే ఏడాది అమెరికాలో ఒక కుస్తీల కంపెనీ తన పేరులోంచి ఒక డబ్ల్యూ కోసి పారేసింది. 1963 నుంచి పదహారేళ్లపాటు మూడు డబ్ల్యూలూ ఒక ఎఫ్పూ మోసిన ఆ కంపెనీ అప్పట్నుంచి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అయింది. ఈ రెండింటికీ సంబంధం లేదని పండితులు కొట్టిపారేయొచ్చు. కాదనం. కానీ జిల్లా పేరు అప్పట్నుంచి చెక్కుచెదరలేదు. కంపెనీ మాత్రం కుదురుగా ఉండలేక 2002 మే నెలలో ఎఫ్ తీసేసి ఈ పెట్టుకుని డబ్ల్యూడబ్ల్యూఈ అయింది. రెండు దశాబ్దాలు దాటిపోయినా విజయనగరం మూడు లాంతర్ల జంక్షన్లోనూ, శ్రీకాకుళం ఏడురోడ్ల దగ్గరా నడివయసు అభిమాని ఇంకా ఎఫ్ దగ్గరే ఆగిపోయి ఉన్నాడు. అతని చేత కొత్త పేరు పలికించడం ప్రభుత్వం ఎలాగూ పట్టించుకోదు కాబట్టి ఆ బాధ్యత ఈ వ్యాసం నెత్తినేసుకుంటోంది.

ముందు తగువేమిటో తెలియాలి. 1961లో స్విట్జర్లాండ్‌లో వన్యప్రాణుల రక్షణకి ఒక సంస్థ పుట్టింది. దాని గుర్తు పాండా, పొడి అక్షరాలు డబ్ల్యూడబ్ల్యూఎఫ్. 1986లో పూర్తి పేరు మార్చుకుంది గానీ ఆ మూడక్షరాల్నీ వదల్లేదు. కుస్తీ కంపెనీకీ దీనికీ 1994లో ఒప్పందం జరిగింది: అమెరికా బయట ఆ అక్షరాలు వీలైనంత తక్కువగా వాడతామని కుస్తీవాళ్లు సంతకం పెట్టారు. పెట్టి మర్చిపోయారు. ఉపగ్రహ చానళ్లూ ఇంటర్నెట్టూ వచ్చాక ఆ అక్షరాలు ప్రపంచమంతా పాకాయి. 2000లో పాండా లండన్ కోర్టు మెట్లెక్కింది. 2001 ఆగస్టులో కంపెనీ ఓడింది, 2002 ఫిబ్రవరిలో అప్పీలులోనూ ఓడింది, మేలో పేరు మార్చుకుంది. వెబ్ చిరునామా కూడా మార్చుకుంది. 1996లో అండర్‌టేకర్ అనే వస్తాదుని గొయ్యి తీసి పాతిపెడితే మట్టిలోంచి చెయ్యి పైకొచ్చింది. ఎఫ్‌ది వేలు కూడా పైకి రాలేదు.

పాండా కూడా ఎలుగుబంటి జాతే. ఎలుగుతో పెట్టుకోకూడదని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటకి పొద్దున్నే వెళ్లే ఎవర్నడిగినా చెప్తారు. కంపెనీవాళ్లు అడగలేదు.

నిజానికి ఇలాంటి తగువు ఎలా తెంచుకోవాలో విజయనగరానికి బాగా తెలుసు. హంపీ విజయనగరానిదీ మనదీ ఒకే పేరు. అయినా కోర్టుకెళ్లలేదు. ఇంగ్లీషు స్పెల్లింగులో వాళ్లు జె ఉంచుకున్నారు, మనం జెడ్ తీసుకున్నాం. 2021లో కర్ణాటక ఆ పేరుతో ఏకంగా జిల్లాయే పెట్టుకున్నా ఇక్కడ కోటలో ఒక్క రాయి కదల్లేదు. లండన్ జడ్జిగారికి ఈ జెడ్ మార్గం ఎవరైనా విన్నవించి ఉంటే అంత ఖర్చు తప్పేది. ఇక శ్రీకాకుళం సంగతి చెప్పనే అక్కర్లేదు. శ్రీకాకుళం రోడ్ అని బోర్డు చూసి రైలు దిగినవాడు ఆమదాలవలసలో నిలబడి ఉంటాడు. అయినా ఎవరూ దారి తప్పరు, స్టేషను బయట ఆటోవాడు చూసుకుంటాడు.

మరి ఇంతటి అనుభవం ఉన్న జనం ఒక్క ఈ దగ్గర ఎందుకు తడబడ్డారు? తప్పు జనానిది కాదు, వ్యాకరణానిది. ఇంగ్లీషు డబ్ల్యూ తెలుగు నోట పడగానే డబ్లు అవుతుంది. చివర ఉకారం. దానికి అచ్చు తగిలితే ఉత్వసంధి నిత్యం. డబ్లు ప్లస్ ఎఫ్, డబ్లెఫ్. డబ్లు ప్లస్ ఈ, డబ్లీ. డబ్లెఫ్‌లో ఒక బరువుంది, ఎవడో చాప మీద దబ్బున పడ్డట్టుంటుంది. డబ్లీ ఇడ్లీకి తోబుట్టువులా ఉంది. ఏడడుగుల మనిషి కుర్చీ ఎత్తి ఇంకొకడి వీపు మీద కొట్టే వ్యవహారానికి చట్నీ, కారప్పొడి గుర్తొచ్చే పేరు పెడితే ఎలా?

అంతకన్నా పెద్ద చిక్కు, మన భాషలో ఈ అంటే 'ఇది' అని అర్థం రావడం. ‘డబ్ల్యూడబ్ల్యూ ఈ రాత్రికుందా?’ అనడిగితే ఆ ఈ కంపెనీదా, రాత్రిదా? వినేవాడు కంపెనీకిస్తే రాత్రికి లోటు, రాత్రికిస్తే కంపెనీకి లోటు. ఎఫ్ ఉన్న రోజుల్లో ఈ ఇబ్బంది లేదు. పై పళ్లు కింది పెదవిని తాకి, గాలి బుస్సుమని, మాట అక్కడితో తెగేది. ఈ దగ్గర నోరు తెరుచుకునే ఉంటుంది కాబట్టి మాట తెగదు, పక్క మాటలోకి కారిపోతుంది. సాధన చేసేవాళ్లు అరచెయ్యి నోటికి జానెడు దూరంలో పెట్టుకుని పలకాలి. అరచేతికి గాలి తగిలిందా, ఎఫ్ ఇంకా పోలేదు. గాలి తగలకుండా పలికాక ఒక క్షణం ఆగాలి, ఆ తర్వాతే రాత్రి అనాలి. పంటి కింద కిళ్లీ ఉండగా ఈ పరీక్ష వద్దు, ఫలితం నమ్మదగింది కాదు. పైగా చొక్కా పాడవుతుంది.

పిల్లల కష్టం ఇంకోరకం. 2002 మే అంటే బడులకి సెలవులు, తాటిముంజెల కాలం, అరుగుల మీద ట్రంప్ కార్డుల కాలం. ఆ కార్డు మీద వస్తాదు బొమ్మ, కింద రేంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండ, ఆడినవి, గెలిచినవి. కట్ట సమానంగా పంచుకుని, పై కార్డు మాత్రమే చూసి, ఒక అంకె పిలవాలి. రేంకు పిలిస్తే చిన్నంకెది గెలుపు, మిగతా అన్నిటికీ పెద్దంకెది. కొత్తవాడు ఓడేది ఇక్కడే: రేంకులో ముప్పై ఉందని సంబరపడి పిలుస్తాడు. జెయింట్ గొంజాలెజ్ చేతిలో ఉంటే కళ్లు మూసుకుని ఎత్తు పిలవొచ్చు, కంపెనీ రాసింది ఎనిమిదడుగులు. అసలు మనిషి ఏడున్నర చిల్లర. అక్షరం తప్పని ఏళ్ల తరబడి వాదన విన్న కోర్టు ఈ అర్ధడుగు మోసం జోలికి పోకపోవడం గమనార్హం.

సరే, పేరు మారింది, కట్ట మీద పాత పేరుంది. ఏం చెయ్యాలి? వైట్‌నర్ పూసినవాళ్లు నష్టపోయారు. కార్డు నున్నగా, మెరుపు పూతతో ఉంటుంది కాబట్టి వైట్‌నర్ దానికి పట్టదు. ఆరేదాకా బాగానే ఉంటుంది, రెండుసార్లు కలిపేసరికి పొరలు లేచి గోళ్లలో ఇరుక్కుంటుంది. బాల్‌పెన్ను జారిపోతుంది. ఫెవికాల్‌తో చీటీ అంటిస్తే కార్డు దళసరి అవుతుంది, పంచేవాడి బొటనవేలికి తెలిసిపోతుంది. పనికొచ్చేది సీడీల మీద రాసే మార్కర్ ఒక్కటే. దానికి పెద్ద కళ కూడా అక్కర్లేదు. ఇంగ్లీషు ఎఫ్ కాళ్ల దగ్గర ఒక అడ్డగీత గీస్తే ఈ అయి కూర్చుంటుంది. ఖర్చు, సగం సెంటీమీటరు సిరా. కంపెనీ లాయర్లకి పోసిన డబ్బుతో పోల్చుకోండి.

ఇందులో రెండు ప్రమాదాలు. ఒకటి, ముద్ర కార్డు వెనక ఉంటే కట్టలో అన్నిటికీ గీత గీయాలి, లేదా దేనికీ గీయకూడదు. ఒక్కదానికి గీసి వదిలేస్తే అది గుర్తున్న కార్డు. అండర్‌టేకర్ ఎవరి చేతిలో ఉన్నాడో ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది, ఆట చెడుతుంది, పెద్దవాళ్ల దాకా వెళ్తుంది. రెండోది, 1998 తర్వాతి ముద్రకి గీత పనిచెయ్యదు. అది గోళ్లతో గీరినట్టుండే డబ్ల్యూల ముద్ర, ఎఫ్ వాటి కింద అతుక్కుని ఉండేది. కంపెనీ ఆ కింద ముక్క చెరిపేసి ఊరుకుంది. ఈ చేర్చనే లేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కంపెనీ ముద్రలో రెండు డబ్ల్యూలే ఉన్నాయి, ఈ ఎక్కడా కనబడదు. నోటితో ఈ అనమని లోకాన్నంతా శాసించి, తాను మాత్రం రాసుకోలేదు.

పాత మ్యాచ్‌లు మళ్లీ చూసేవాళ్లకి ఇంకో గండం వచ్చింది. గోళ్లగీతల ముద్ర ఎక్కడ కనబడినా మసక పూయాల్సి వచ్చింది. రింగు అంచు గుడ్డ మీద, మూలల్లో మెత్తల మీద, రిఫరీ చొక్కా చేతి మీద. వ్యాఖ్యాత ఆ మూడక్షరాలూ పలికిన చోట మాట మింగేశారు. పూర్తి పేరు విడమర్చి పలికితే మాత్రం దోషం లేదు, పొడి అక్షరాలకే మైల. ఇక్కడ చాలా ఇళ్లల్లో జరిగింది ఏమిటంటే, కేబుల్ కుర్రాడికి ఫోన్ వెళ్లింది. పాపం అతను నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కాడు. కాబట్టి తేడా తెలుసుకోవాలి. మసక రిఫరీ చేతితోపాటు కదిలితే అది లండన్ కోర్టు మసక. బొమ్మంతా చుక్కలు పడి, పక్క చానల్లో భక్తి కార్యక్రమం కూడా వణుకుతుంటే అది మన వైరు మసక, టీవీ వెనక పిన్ను ఊడదీసి రాగి తీగ కొస గీకి మళ్లీ గుచ్చాలి. 2012లో పాండాతో రాజీ కుదిరి మొదటి మసక తొలిగిపోయింది. రెండోది యథాతథం.

ఇంతకీ ఈ అంటే ఏమిటి? ఎంటర్‌టైన్‌మెంట్ అని 2002లో చెప్పారు. పెద్ద రహస్యమేం కాదు. 1989లోనే న్యూజెర్సీ సెనేటు ముందు ఇది పోటీ కాదు, వినోదం అని కంపెనీ తరఫున ఒప్పేసుకున్నారు. క్రీడ అంటే కమిషన్ పర్యవేక్షణ, ఫీజులు, పోటీకి ముందు డాక్టరు పరీక్ష. వినోదమైతే ఆ బెడద లేదు. ఈ ఒప్పుకోలు వల్ల మనవాళ్ల గుండె పగిలిందనుకోవడం పొరపాటు. రాత్రంతా కూర్చుని పౌరాణిక నాటకం చూసే జిల్లాల్లో దుర్యోధనుడి తొడ నిజంగా విరిగిందా అని ఎవరూ మేకప్‌మేన్ని పిలిచి అడగరు. విరగ్గొట్టినవాడు బాగా విరగ్గొట్టాడా లేదా అన్నదే లెక్క. మొత్తానికి 2011 ఏప్రిల్లో కంపెనీ ఇంకో మాట చెప్పింది: ఇకనుంచి ఈ అక్షరాలకి విడమర్పు లేదు, డబ్ల్యూడబ్ల్యూఈ అంటే డబ్ల్యూడబ్ల్యూఈ, అంతే. తొమ్మిదేళ్లు నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని సాధించిన ఈకి అర్థమే లేకుండా పోయింది. 2023 సెప్టెంబరులో యూఎఫ్‌సీ అనే పోట్లాటల కంపెనీతో కలిపి టీకేఓ అనే గొడుగు కిందికి కూడా చేర్చారు. టీకొట్టు దగ్గర ఆ మూడక్షరాలూ పలికిన మనిషి ఇంతవరకు తారసపడలేదు.

నిజం చెప్పాలంటే పెద్ద వయసు ప్రేక్షకులకి ఈ గొడవే అంటలేదు. వాళ్లకి కంపెనీ పేరూ అక్కర్లేదు, వస్తాదు పేరూ అక్కర్లేదు. స్టోన్ కోల్డ్ బోడిగుండోడు. అండర్‌టేకర్ సచ్చి లేచీవోడు. 2006లో వచ్చిన ఖలీ పొడుగోడు, పైగా మనోడు. అసలు కార్యక్రమం మొత్తం ‘కుస్తీలు’. ఎవరైనా కుర్రాడు ఖలీ బలం గురించి ఎక్కువ మాట్లాడితే కోడి రామ్మూర్తి నాయుణ్ణి బయటికి తీస్తారు: గుండెల మీద ఏనుగునెక్కించుకున్నవాడు, ఛాతీ పొంగించి గొలుసులు తెంపినవాడు. ఆయన పుట్టిన వీరఘట్టం 2022 ఏప్రిల్లో శ్రీకాకుళం జిల్లాలోంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్లిపోయింది, ఆయన పేరున్న స్టేడియం శ్రీకాకుళంలోనే ఉండిపోయింది. దానికే ఎవరూ కంగారు పడలేదు.

చానళ్ల సంగతి కూడా ఇలాంటిదే. టెన్ స్పోర్ట్స్ సోనీ టెన్ అయింది, తర్వాత సోనీ స్పోర్ట్స్ టెన్ అయింది. రిమోట్‌లో నంబరు మారినప్పుడు తప్ప పేరు మారిందని ఎవరికీ తెలియలేదు. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అసలు చానలే లేదు, బొమ్మ ఫోన్లోకి వెళ్లిపోయింది. ఆ కబురు అరుగు మీదికి చేరేటప్పుడు సంభాషణ ఇంచుమించు ఇలా సాగుతుంది.

‘ఒరే గుంటడా, టీవీలో డబ్లెఫ్ ఎట్టరా.’

‘డబ్లెఫ్ కాదు తాతా, డబ్లీ. అదిప్పుడు టీవీలో రాదు.’

‘మరెక్కడొస్తాదేటి?’

‘నెట్‌ఫ్లిక్స్‌లో.’

‘ఏటీ, మళ్లీ సెప్పు.’

‘నెట్‌ఫ్లిక్స్ తాతా, నెట్... ఫ్లిక్స్.’

‘అదిగో! నాను సెప్నేదా? ఎఫ్పు మళ్లొచ్చీసింది.’