పెత్తనం చేసే ఆంబోతే పనికొచ్చే ఆంబోతా?

ఉత్తర ఆస్ట్రేలియాలో మాంసం కోసం పశువుల్ని పెంచే స్టేషన్లలో ఒక్కో మేత మైదానం వందల చదరపు కిలోమీటర్లు ఉండటం వింతేమీ కాదు. ఏ ఆవు ఎప్పుడు ఎదకొచ్చిందో కనిపెట్టి దాటించడం, అంటే ఆంబోతుతో కలపడం, అక్కడ అయ్యే పని కాదు. ఆవుల మందలోకి కొన్ని ఆంబోతుల్ని వదిలేస్తారు, చాలాచోట్ల ఏడాది పొడవునా. వంద ఆవులకు నాలుగైదు ఆంబోతులన్నది పాత లెక్క. ఒకటి పనికిరాకపోయినా మిగతావి చూసుకుంటాయన్న ధీమా అందులో ఉంది. ఆ ధీమాయే తప్పని నా వాదన. ఆంబోతులు పని పంచుకోవు.

ముక్కూమొహం తెలియని ఆంబోతుల్ని ఒకచోట చేరిస్తే కొన్నాళ్లు రంకెలు, కాలు దువ్వడాలు, కుమ్ములాటలు తప్పవు. ఎవరిది పైచేయో తేలాక గెలిచింది తల ఇటు తిప్పితే చాలు, ఓడింది పక్కకు తప్పుకుంటుంది. ఈ పెత్తనం ఎక్కువగా వయసును, మందలో సీనియారిటీని బట్టి వస్తుంది. బరువు, కొమ్ముల బలం ఆ తర్వాతే. 1970ల్లో ఆస్ట్రేలియాలో మైకేల్ బ్లాకీ వంటి పరిశోధకులు ఆంబోతుల ప్రవర్తనను గమనించడంతో ఆగలేదు. నిర్ణీత సమయంలో ఒక ఆంబోతు ఎన్నిసార్లు దాటగలదో లెక్కించే పరీక్షలూ పెట్టారు. మొత్తమ్మీద తేలిందేమిటంటే, పెత్తనానికీ దాటే సత్తాకూ గట్టి సంబంధం లేదు. ఇక వీర్యం నాణ్యత సంగతి పెత్తనం చూసి అసలే చెప్పలేం.

అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది. ముసలి ఆంబోతుకు వీర్యం దెబ్బతిన్నా పెత్తనం పోదు. ఎదకొచ్చిన ఆవును పట్టుకుని ఉంటుంది, వయసులో ఉన్నదాన్ని దగ్గరికి రానివ్వదు. ఆ ఆవు చూడి కట్టకపోతే మళ్లీ ఎదకు రావడానికి 21 రోజులు. ఈనడానికి సుమారు 283 రోజులు పడుతుంది కాబట్టి, ఏడాదికో దూడ కావాలంటే ఈనిన 80 రోజుల్లోపే మళ్లీ చూడి కట్టాలి. ఇంత తక్కువ గడువులో ఒక ఎద వృథా అయితే ఆ నష్టాన్ని పూడ్చుకోవడం కష్టం. పైగా మంచి జాతి లక్షణాలు చూసి లక్షలు పోసి కొన్న కుర్ర ఆంబోతు ఓ మూల గడ్డి మేస్తూ ఉంటుంది!

డీఎన్ఏ పరీక్షలొచ్చాక దూడల తండ్రులెవరో బయటపడ్డారు. ఉత్తర ఆస్ట్రేలియా మందలపై 2002లో వెలువడిన అధ్యయనంలో 14 శాతం ఆంబోతులు తమ తమ మందల్లో 30 శాతానికి మించి దూడలకు తండ్రులయ్యాయి. 58 శాతం ఆంబోతులకు పది శాతమో అంతకన్నా తక్కువో దక్కాయి. 6 శాతానికి ఒక్క దూడా లేదు. అయితే ఇరవై ఆంబోతులున్న మందలో సమాన వాటాయే అయిదు శాతం కాబట్టి, ఆ 58 శాతమూ దండగ అనుకోకూడదు. మిగతా రెండు అంకెలకు మాత్రం ఆ సాకు చెల్లదు.

అక్కడి మందల్లో ఎక్కువగా ఉండే బ్రాహ్మన్ జాతిలో మన ఒంగోలు రక్తం ఉంది. అమెరికాలో ఆ జాతిని తయారుచేసింది గిర్, గుజరాత్ (కాంక్రేజ్) జాతి పశువులతో పాటు నెల్లూరు పేరుతో వెళ్లిన ఒంగోలు పశువుల నుంచే. ఈ మూపురం పశువులకు బిడియం ఎక్కువ. దొడ్లో మనుషులు చూస్తుండగా దాటడానికి వెనకాడతాయి. అందుకే బ్లాకీ తరహా పరీక్షలో సున్నా వచ్చిన ఆంబోతు కూడా బయట మైదానంలో బాగానే పనిచేయొచ్చు. వీటి విషయంలో కాళ్లు, వృషణాల చుట్టుకొలత, వీర్యంలో ఆకారం సరిగా ఉన్న కణాల శాతం చూడటమే మేలు. కనీసం 70 శాతం సరైనవి ఉండాలన్నది చాలామంది పశువైద్యులు పాటించే ప్రమాణం.

ఇలా పరీక్షించినవైతే వంద ఆవులకు రెండున్నర ఆంబోతులు సరిపోతాయని ఉత్తర ఆస్ట్రేలియా పరిశోధకులు సిఫారసు చేశారు. నేను దానివైపే. ఒకే వయసువాటిని ఎంచుకుని, సీజన్‌కు ముందే కలిపి ఉంచితే కుమ్ములాటలు ఆవుల దగ్గరికి వెళ్లకముందే ముగుస్తాయి. నీటి గుంటలు దూరదూరంగా ఉన్నచోట, కొండ నేలల్లో మాత్రం ఈ లెక్కను గుడ్డిగా దించకూడదు. ఆంబోతులన్నీ ఒకే నీటి దగ్గర చేరితే అవతలి గుంట దగ్గర ఎదకొచ్చిన ఆవుకు ఏదీ దొరకదు. అలాంటిచోట ఒకటి రెండు ఎక్కువ పెట్టాల్సిందే, వాటినీ పరీక్షించాకే.